ఫొటో మూలన నల్లబడిన ముఖం

ఎన్నేళ్లుగానో ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టేనేమో.

సిరోంచలో నాకో ఫొటో స్టూడియో ఉంది. ఒకసారి జింగనూర్‌లో పెళ్లికి వెళ్లాను. హడావిడిలో వేరే లెన్సుకు పెట్టాల్సిన హుడ్‌ను, అదే, ఎండ పడకుండా ముందు బిగించే తొడుగును, వెడల్పు లెన్సుకు బిగించాను. అది అడ్డొచ్చి బంధువులందరి ఫొటోలో నాలుగు మూలలూ నల్లబడ్డాయి. పెళ్లికొడుకు తల్లి భర్త పోయిన మనిషి. అలాంటివాళ్లు శుభకార్యంలో ముందుకు రారు కదా, ఆమె కూడా వెనక వరుస చివరకు తప్పుకుని నిలబడింది. ఆమె ముఖం సరిగ్గా ఆ నల్లటి మూలలో పడింది.

నేను అప్పుడే కెమెరాలో చూశాను. జనం ఇంకా మండపం దిగలేదు. ఆగండి, మళ్లీ ఒకటి తీస్తానంటే అయిపోయేది. అనలేదు. ఎందుకు? పదిమందిలో పని రానివాడినని అనిపించుకోవడం ఇష్టం లేక. అంతే. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు పెళ్లికొడుకు అడిగితే, ఇది కొత్త స్టయిల్, చూపు జంట మీదే నిలవాలని కావాలనే మూలలు నల్లగా ఉంచానని చెప్పాను. నమ్మాడు. తమాషా ఏమిటంటే చూసినవాళ్లందరికీ అది నచ్చింది. ఆ తర్వాత నిజంగానే కంప్యూటర్‌లో మూలలు నల్లగా చేసి ఇవ్వడం మొదలుపెట్టాను. పేరొచ్చింది. కొన్ని ఫొటోలకు అది అందమే, కాదనను. కానీ ఆ రోజు అది నేను కోరి చేసింది కాదు.

ఆ తల్లి చనిపోయాక కొడుకు మళ్లీ వచ్చాడు.

"అన్నా, అమ్మ ఫొటో జర పెద్దగ చేసియ్యి. ఆధార్ల మసకగుంది. లగ్గంనాడు మంచిగ నవ్వింది, గది కావాలె."

ఆ పెళ్లిలో ఆమె పడింది ఆ ఒక్క ఫొటోలోనే. ఎంత వెలుగు పెంచినా ఆ మూల తేలలేదు. చీర అంచు, ఒక చెయ్యి కనిపించాయి. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"అమ్మ గంత మూలకు నిలబడ్డది తమ్మీ. నేనేం చేస్త?"

అతను తల ఊపాడు.

"అవునన్నా. నాయిన పోయినకాడికెల్లి గట్లనే. ఎక్కడికి పోయినా ఎన్కకే నిలబడ్తుండె. నేనన్న ముందుకు పిలిస్తే అయిపోతుండె."

నా తప్పును చనిపోయిన మనిషి మీద వేశాను. అందులో సగం కొడుకు తన నెత్తిన వేసుకుని వెళ్లిపోయాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. మూలలు నల్లగా చేయమని ఎవరైనా అడిగినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతాను. అయినా చేసిస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోది కాదు. అతని ముందు నిలబడే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. ఇక్కడైనా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నువ్వు పిలవకపోవడం తప్పు కాదు తమ్మీ. అమ్మ ఫొటోలో పడే చోటే నిలబడింది. నవ్వింది కూడా. చెడగొట్టింది నేను.