ముందు బెంచీలో అన్యుడు

అవనిగడ్డ దగ్గర ఓ పల్లెలో, పాస్టరు కింద చర్చి నడిపే ఉపదేశి ఒకాయన ఉండేవారు. తొంభైలలో నేను దేవుడు లేడని ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఆయన నా సభలకొచ్చి, నేనెంత దూకుడుగా నిలదీసినా "అడగండి సార్, అడగండి" అనేవారు. నాకు ప్రశ్నంటే కత్తి. ఆయనకది చుట్టరికం.

ఒక జనవరి ఆరున నన్ను చర్చికి పిలిచి ముందు బెంచీలో కూర్చోబెట్టారు. తూర్పుదేశపు జ్ఞానులు చుక్కను చూసుకుంటూ వచ్చి పసివాడైన యేసును దర్శించుకున్న పండుగ అది. సంఘపెద్ద లేచాడు.

"ఏమండీ ఉపదేశిగారూ, దేవుడే లేడనేవాడికి ముందు బెంచీనా? ఆయన్ని పంపిస్తారా, పాస్టరుగారితో చెప్పి మిమ్మల్నే పంపించమంటారా?"

నేను లేవబోయాను. ఉపదేశిగారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"ఆ జ్ఞానులు మాత్రం మన సంఘంవాళ్లా పెద్దయ్యా? పరాయివాళ్లు. తెలియక దారి అడుగుతూ వచ్చారు. లేఖనాలన్నీ చదివిన యెరూషలేము పండితులు యేసు పుట్టే ఊరిపేరు చెప్పారు గానీ తాము గడప దాటలేదు. మనం ఎవరిలా ఉన్నామో చూసుకోవద్దూ?"

పెద్ద విసురుగా వెళ్లిపోయాడు.

ఆరాధన అయ్యాక, "నావల్ల మీ ఉద్యోగం పోతుందేమోనండీ" అన్నాను.

"పోనివ్వండి సార్. ఆ జ్ఞానులు కూడా, బిడ్డను చంపాలని జాడ చెప్పిపొమ్మన్న హేరోదు రాజు దగ్గరికి తిరిగి వెళ్లలేదుగా, వేరే దారి పట్టారు!" అని నవ్వారు.

నెల తిరక్కుండానే ఆయన్ని కృత్తివెన్ను వైపు మార్చేశారు. దేవుణ్ణి నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆయన ట్రంకుపెట్టె మాత్రం బస్సు దాకా నేనే మోశాను, సగం బరువు బైబిళ్లదేనని తెలిసే మోశాను.