అంబ్రువాజ్ పెంచిన బాతు

అంబ్రువాజ్‌కి ఒక్కటే పిచ్చి. తప్పు సరిగ్గా రావాలి.

మా ల మాన్ ఊళ్లో, ఆ మాటకొస్తే ఫ్రాన్సు అంతటా, క్లారినెట్ కీచుమంటే "బాతు అరిచింది" అంటారు. ఊదేవాళ్లందరూ ఆ బాతును తరిమేయడానికే సాధన చేస్తారు. మా ప్రయోగశాలలో అంబ్రువాజ్ మాత్రం దాన్ని పెంచేవాడు.

మేం చేస్తున్నది కంప్యూటర్ క్లారినెట్. ఊపిరి ఎంత వచ్చింది, నోటి దగ్గరి రెల్లు రేకు ఎంత వంగింది, పెదవి ఎంత నొక్కింది, అన్నీ లెక్కగట్టి అది స్వరం పుట్టిస్తుంది. సన్నగా ఊదినా చాలు. ఊరి బ్యాండులో వాయించే ఓర్తాన్స్ గారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆవిడ కోసమే మొదలుపెట్టాం. మొదటి నమూనా ఊది, "బాగుంది నాయనా. కానీ వేరే ఎవరో ఊదినట్టుంది," అని తిరిగిచ్చేశారు. వసంత కచేరీలోగా ఆవిడకు నచ్చకపోతే బ్యాండులో ఆవిడ కుర్చీ ఇంకొకరికి పోతుంది.

అందుకని మేమంతా స్వరాన్ని ఇంకా నున్నగా చేయడంలో పడ్డాం. తీరా భోజనం చేసొచ్చేసరికి బాతు అరిచేది.

"అంబ్రువాజ్! మళ్లీ నువ్వేనా?" అనేవారు మా పెద్ద, సోలాంజ్ గారు.

"నేనేనండీ. కానీ ఇది కాదు."

"ఏది కాదు?"

"ఈ బాతు కాదండీ. ఇది మరీ కుర్రది."

సోలాంజ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. అంతకంటే చేసేదేముంది?

క్యాంటీన్లో అంబ్రువాజ్ సూప్ తాగుతూ తాగుతూ ఆగి, కింది పెదవి కొరుక్కుని, "ఇంత గట్టిగానా? ఇంకొంచెమా?" అని నన్నడిగేవాడు.

"సూప్ చల్లారిపోతోందయ్యా," అనేవాణ్ణి.

రిహార్సల్ రోజున ఓర్తాన్స్ గారు కోటు కూడా విప్పకుండా కూర్చుని, కొత్త నమూనా నోట పెట్టుకున్నారు. కింది స్వరాలు హాయిగా పలికాయి. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. పై స్వరానికి ఎక్కబోయారు. కీచ్!

బ్యాండంతా ఆగిపోయింది. మా పని అయిపోయిందనుకున్నాను. డోలు వాయించే ఫిర్మాన్ అటు తిరిగి ఉన్నాడు, ఊదిందెవరో చూడనైనా లేదు.

"ఓర్తాన్స్ వచ్చేసిందర్రా!" అని అరిచాడు.

ఆవిడ అంబ్రువాజ్ వైపు గుడ్లురిమి చూశారు.

"మీరు అక్కడ పెదవి కొరుకుతారు కదండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "పాత రికార్డింగుల్లో విన్నాను. అలా ఇంకెవరికీ రాదు."

అతను నాకు చెప్పలేనంత ముద్దొచ్చాడు.

"బతుకంతా దీన్ని వదిలించుకోవాలని చచ్చానయ్యా!" అన్నారు ఓర్తాన్స్ గారు.

"తీసేయమంటారా?"

ఓర్తాన్స్ గారు కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. ఏం చూస్తున్నారర్రా? మొదట్నుంచీ కానివ్వండి!"