ముందు పరీక్ష, తర్వాత జావ

రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, జూన్‌లో, నర్సీపట్నం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా బదిలీ అయ్యాను. చేరిన నెలలోనే, ఆ డివిజన్లో ఏ హెచ్చెమ్ముకీ తట్టని నిర్ణయం ఒకటి తీసుకున్నాను. నెలాఖరు వారంలో మొదటి పీరియడ్లో స్లిప్ టెస్టులు పెడతాం. ఆ రోజుల్లో పొద్దుటి రాగిజావని టెస్టు తర్వాతకి జరిపాను. కిరాణా కొట్లో పెరిగినదాన్ని. ముందు డబ్బు, తర్వాతే సరుకు. పేపరు ఇచ్చినవాళ్ళకే గ్లాసు. కాగితాల మీద మరకలుండవు, ఆలస్యంగా వచ్చేవాళ్ళు తగ్గుతారు అనుకున్నాను. రెండూ తగ్గాయి. మార్కులూ తగ్గాయి.

ఎనిమిదో తరగతి పైడితల్లికి లెక్కల్లో మరీ తగ్గాయి. మామూలు రోజుల్లో బోర్డు మీద చకచకా చేసే పిల్ల, టెస్టులో సగం ఖాళీగా వదిలేసేది. దసరా సెలవుల నుంచి పిల్లని జీడిపిక్కల పనికి తీసుకుపోతానని వాళ్ళమ్మ నూకరత్నం వచ్చింది.

"సదువు రాని పిల్లని బడిలో కూకోబెట్టి ఏటి లాభమండీ?"

పొద్దున్న ఏం తిని వస్తుందని అడిగాను. నెల మొదట్లో చద్దన్నమట. కోటా బియ్యం నెలాఖరు దాకా రావు, అప్పుడు టీ నీళ్ళే.

"బడికాడ జావ ఇత్తారు కదండీ. అదే దాని టిఫిను."

నెలాఖరుకి మా నాన్న కొట్లో బేరాలు ఎందుకు పడిపోయేవో తెలిసి కూడా, ఆ లెక్క బడిలో వెయ్యలేదు నేను. పిల్లని ఇంకో రెండు టెస్టుల దాకా ఉంచమన్నాను. నూకరత్నం ఒక్క టెస్టుకే ఒప్పుకుంది.

టెస్టు రోజుల్లో బెల్లుకి ముందే జావ కాయాలని వంటచేసే వరలక్ష్మికి చెప్పాను.

"లేటు సెయ్యమన్నదీ మీరే, బేగి రమ్మన్నదీ మీరే. మా ఇంట్లో పొయ్యి ఎవరు ఎలిగిత్తారు, మీరొత్తారా?"

చివరికి, ఆ రోజుల్లో పిండి కలిపే పని నాది అన్న ఒప్పందం మీద బేరం తెగింది. నేను కలిపిన జావ ఉండలు కట్టింది. పిల్లలు తాగారు. పిల్లలు జావ తాగేసరికి టెస్టుకి నిమిషాలు చాలవని లెక్కల సూర్రావు మాస్టారు గొణిగితే, నా అసెంబ్లీ ప్రసంగంలోంచి కోసుకోమన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు.

ఆ నెల పైడితల్లి పేపరు చివరిదాకా రాసింది. కొన్ని తప్పులే, కానీ ఖాళీ లేదు. నూకరత్నం పేపరు తిప్పి చూసి, "ఉండనీండి" అని లేచింది.

ఎంత పెట్టామన్నదే కాదు, ఎప్పుడు పెట్టామన్నదీ హెచ్చెమ్ము చూసుకోవలసిన పనేనని నేర్చుకున్నాను. ఇక బిల్లు. క్లాసులో చాలామంది మెరుగయ్యారు. కొందరికి తేడా రాలేదు. వాళ్ళకి మళ్ళీ కూడికల నుంచి చెప్పవలసి వచ్చింది. ఇళ్ళల్లో నెలాఖరు బియ్యం సంగతి నా చేతిలో లేదు. పైడితల్లి తొమ్మిదిలోకి వెళ్ళింది. ఖాళీ కడుపుతో పిల్లలు రాసిన టెస్టులకి మాత్రం ఆ మార్కులే మిగిలాయి. అవి నా ఖాతాలోవి.