చెవి మీద వాలిన చేతులు

నా చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో ఆడపిల్లకు చెవి తమ్మె కుట్టించడం ఒక విశేషమే కాదు. పాకే వయసులోనే ఆ పని అయిపోయేది. పై చెవి కుట్టించడం మాత్రం వేరే సంగతి. అది పిల్ల తనంతట తాను అడగాలి, ఇంట్లోవాళ్ళు సరేననాలి, కంసాలిని పిలిపించాలి. పై చెవి కుట్టించుకున్న పిల్ల బడికి వస్తే మిగతావాళ్ళం బెంచీ మీద జరిగి మరీ చోటిచ్చేవాళ్ళం.

మా నానమ్మ పై చెవులకు బావిలీలు ఉండేవి. ఎర్రరాళ్ళు పొదిగిన చిన్న బంగారు పువ్వులు, వాటి అంచున సన్నటి ముత్యాలు. ఆవిడ తల తిప్పితే ముత్యాలు ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగేవి. పై చెవి కుట్టించుకున్న మనవరాలికే అవి ఇస్తానని ఆవిడ ఎప్పుడో నోరు జారింది. నేను ఆ మాట పట్టుకుని వదల్లేదు. అదే సమయానికి మా బాబాయికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురిది తాడేపల్లిగూడెం. మగపెళ్ళివారి బస్సులో కిటికీ పక్కన బావిలీలు పెట్టుకుని కూర్చున్నట్టు ఊహించుకుని ఎన్నిసార్లు మురిసిపోయానో! గోడ మీద పిడకలు కూడా లెక్కపెట్టే పిల్లని నేను. ఆ మురిపాలు మాత్రం లెక్కపెట్టలేదు.

కంసాలి తాత వచ్చి, సన్నటి బంగారు తీగతో రెండు చెవులూ ఒక్క విడతలోనే కుట్టేశాడు. తమ్మెకు కుట్టినట్టు సులువుగా దిగలేదు. లోపల ఏదో సన్నగా చిటుక్కుమన్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా ఏడవలేదు. అద్దంలో చూసుకుంటే రెండు వైపులా రెండు బంగారు చుక్కలు. గెలిచినట్టు అనిపించింది.

మా ప్రాంతంలో కుట్టిన చెవికి చేసే సేవలు అందరికీ తెలిసినవే. తీగను రోజూ తిప్పుతూ ఉండాలి, లేకపోతే కండకు అంటుకుపోతుందంటారు. పసుపు కలిపిన వేడి కొబ్బరినూనె చుక్క వెయ్యాలంటారు. కట్టిన పక్కును గోటితో గీరెయ్యాలంటారు. తమ్మె విషయంలో ఇదంతా తరతరాలుగా ఎలాగోలా నడిచిపోయింది. అందుకే పై చెవికీ అదే వైద్యం మొదలైంది. బాబాయి పెళ్ళి పనులకు ఇంటినిండా ఆడవాళ్ళు. అరిసెలు వత్తుతూ వత్తుతూ ఒకావిడ లేచి వచ్చి, "ఏదే బంగారూ, ఓసారి ఇలా తిరుగు" అని తీగ తిప్పి వెళ్ళేది. ఆవిడ అటు వెళ్ళగానే పక్కింటి అత్త నూనె గిన్నెతో వచ్చేది. నానమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున్నే ఆవిడ చెయ్యి నా చెవి మీద పడితేనే ఆ ఇంట్లో తెల్లవారేది. అన్నీ ప్రేమగా చేసిన పనులే. నాకూ అంతమంది నడుమ రాణిలా కూర్చోవడం బాగానే ఉండేది.

కొన్నాళ్ళకు ఎడమ చెవి చల్లబడింది. కుడి చెవి మాత్రం ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే వేడిగా తగిలేది. తీగ కండలోకి దిగిపోతున్నట్టు కనిపించింది. దిండు మీద ఆ వైపు ఆనించలేకపోయేదాన్ని. అమ్మ భయపడి తీగ పీకేద్దామంది. నానమ్మ ఏడుపు మొహంతో ఇంకో చుక్క నూనె వేద్దామంది. వాళ్ళిద్దరి మధ్యా బాబాయి వచ్చి నిలబడి, "మీరిద్దరూ కాస్త ఆగండి. దీన్ని ఏలూరు తీసుకెళ్తాను" అన్నాడు. పెళ్ళికొడుకు ఊరు దాటకూడదని నానమ్మ అడ్డుపడింది. "అమ్మా, పెళ్ళి ఆగితే మళ్ళీ ముహూర్తం పెట్టుకోవచ్చు. చెవి పోతే ఎక్కడ తెస్తావు?" అనేసి నన్ను దోనెలో కూర్చోబెట్టి తనే గెడ వేసుకుంటూ రేవు దాటించాడు. అక్కణ్ణుంచి బస్సు.

ఏలూరులో డాక్టరమ్మగారు పెద్దావిడ. చెయ్యి కడుక్కుని, నా చెవి చుట్టూ వెలుతురు వేసి చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ చెవి కూడా చూసింది. ఆవిడ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

"రెండూ ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే తీగతో కుట్టాడు కదమ్మా. మరి ఎడమది ఎందుకు బాగుంది?"

అది నాకు ఇష్టమైన రకం ప్రశ్న! అన్నీ సమానమైనప్పుడు తేడా ఎక్కడుందో వెతకాలి. నేను కళ్ళు మూసుకుని మా వసారా అంతా తలుచుకున్నాను. నా మంచానికి ఎడమ పక్క గోడ. కుడి పక్క వాకిలి, ఆడవాళ్ళు, అరిసెల పొయ్యి. ఎవరొచ్చినా కుడివైపు నుంచే వస్తారు. "ఎడమవైపు గోడ ఉందండీ" అన్నాను. బాబాయి నా మొహంలోకి వింతగా చూశాడు. డాక్టరమ్మగారు మాత్రం గట్టిగా నవ్వేసి, "ఈ పిల్లకి అర్థమైందండీ" అంది.

ఆవిడ చెప్పిన మాటలు బాబాయి బస్సులో నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. తమ్మె ఉత్త కండ, రక్తం బాగా ఆడుతుంది, త్వరగా మానుతుంది. పైన ఉన్నది మెత్తటి ఎముక లాంటిది. దానికి రక్తం తక్కువగా అందుతుంది, నెలల తరబడి నెమ్మదిగా మానుతుంది. అక్కడ చీము పట్టిందంటే చెవి లోపలి గట్టిదనం కరిగి ముడుచుకుపోతుంది, మళ్ళీ పాత రూపు రాదు. ఇంకా అంత దూరం రాలేదు కాబట్టి ఆవిడ బిగుసుకున్న తీగను కొద్దిగా వదులు చేసి, మందుబిళ్ళలు రాసిచ్చింది. తీగను ఇంట్లో పీకొద్దంది, పైన రంధ్రం మూసుకుపోయి చెడు లోపలే ఉండిపోతుందట. నూనె వద్దు, పసుపు వద్దు, తిప్పొద్దు, గీరొద్దు, ఆ వైపు పడుకోవద్దు, మానేదాకా కొల్లేట్లో మునగొద్దు. కాచి చల్లార్చిన గ్లాసు నీళ్ళలో పావు చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డతో ఉదయం, సాయంత్రం మెల్లగా అద్దాలి. చేతులు కడుక్కోకుండా ఆ దగ్గరకే పోకూడదు. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా, చీము కనిపించినా ఒక్క పూట ఆగకుండా రమ్మంది.

"నువ్వు ముట్టుకుంటున్నావా?" అని చివర్లో నన్ను అడిగింది. లేదండీ అని ఒట్టు వేశాను. నిజంగా లేదనే అనుకున్నాను.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం మొదలైంది. పావు చెంచా ఉప్పంటే నానమ్మకు ఆనలేదు. గుప్పెడు వేస్తే గుప్పెడంత గుణం కదా అని డబ్బా తీసింది. "అమ్మా, అది నీ మనవరాలి చెవి, ఎండుచేప కాదు" అని బాబాయి డబ్బా లాక్కున్నాడు. ఉప్పు సంగతి తేలింది కానీ చేతుల సంగతి తేలలేదు. ఆడవాళ్ళందరూ బుద్ధిగా తలూపేవాళ్ళు. తలూపుతూనే చెయ్యి చాపేవాళ్ళు.

అప్పుడు బాబాయికి ఆ ఉపాయం తట్టింది. మాకు చేపల చెరువు ఉండేది. చేపల మీద నీటికాకులు, గూడబాతులు వాలకుండా చెరువు మీద తాళ్ళు కట్టి, వాటికి రేకు డబ్బాలు వేలాడదీసేవాళ్ళు. గట్టు మీద పాకలో కూర్చుని తాడు లాగితే డబ్బాలన్నీ ఒక్కసారి గోల పెట్టేవి, పిట్టలు లేచిపోయేవి. బాబాయి అక్కణ్ణుంచి ఒక డబ్బా తెచ్చి, అందులో నత్తగుల్లలు పోసి, నా మంచం మీద వాసానికి వేలాడదీశాడు. దాని తాడు కొస నా కుడి మణికట్టుకు వదులుగా కట్టాడు. అన్నం తినడానికి, పుస్తకం తిప్పడానికి తాడు చాలినంత ఉంది.

"ఇదుగో, నీ చెవి మన చెరువు. వాలడానికి వచ్చే ప్రతి చెయ్యీ పిట్టే. పెద్దా చిన్నా చూడకు. లాగి కొట్టు!"

ఆ ఉత్సాహం ఎలా చెప్పను! పెద్దవాళ్ళను అదిలించే అధికారం ఆ వయసులో ఎవరికి దొరుకుతుంది? మొదటి పిట్ట నానమ్మే. ఆవిడ చెయ్యి గాల్లో ఉండగానే తాడు లాగాను. డబ్బా ధడధడమంది. ఆవిడ ఉలిక్కిపడి నూనె గిన్నె వదిలేసింది. వసారా అంతా ఒకటే నవ్వు.

"ఏరా, నేను నీటికాకినట్రా?"

"ఛ ఛ, నువ్వు గూడబాతువి అమ్మా. అంత పెద్ద పిట్ట వాలితే చెరువులో ఏం మిగులుతుంది?"

"పెళ్ళాం వచ్చాక చెబుతాను నీ సంగతి. ఆ పిల్లకే ఇస్తాను ఆ తాడు!"

పక్కింటి అత్త వచ్చింది, ధడధడ. అరిసెల ఆవిడ లేచింది, ధడధడ. సాయంత్రానికి ఎవరూ దగ్గరకు రావడం లేదు. నేను చెరువు కాపలాదారులా దర్జాగా చూస్తూ కూర్చున్నాను. ఇంతలో డబ్బా మళ్ళీ మోగింది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అందరూ పొయ్యి దగ్గరే ఉన్నారు, అందరూ నావైపే చూస్తున్నారు. నా కుడిచెయ్యి చెవి పక్కన ఉంది. వేళ్ళు తీగను పట్టుకోబోతున్నాయి. అది ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. దించాను. పుస్తకం తిప్పాను. కాసేపటికి మళ్ళీ ధడధడ. ఈసారి ఎవరూ నవ్వలేదు. నానమ్మ ఒక్కతే మెల్లగా, "పాపం, దానికీ తెలీడం లేదర్రా" అంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కొంతదూరం పోయాక ఆపేశాను, ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ కలిపినా నా ఒక్క చేతికి సరిపోవని తేలిపోయింది. డాక్టరమ్మగారికి వేసిన ఒట్టు గుర్తొచ్చి ఒళ్ళంతా వేడెక్కింది. అయినా లోపల ఎక్కడో గొప్ప సంబరం కూడా వేసింది. ఎడమవైపు గోడ ఉందని చెప్పాను గానీ, కుడివైపు నా చెయ్యే ఉందని అప్పటిదాకా లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు లెక్క పూర్తయింది!

ఆ రోజు నుంచి చెవి మెల్లగా దారికొచ్చింది. ముందు వేడి తగ్గింది. తర్వాత ఎరుపు చెవి అంచు నుంచి తగ్గుతూ తీగ చుట్టూ మాత్రమే మిగిలింది. మళ్ళీ ఏలూరు వెళ్తే డాక్టరమ్మగారు చెవి దక్కిందని చెప్పింది. నేను ఎగిరి గంతేసి, పెళ్ళికి బావిలీలు పెట్టుకోవచ్చా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అంత బరువు ఇప్పుడే వేలాడదీస్తే పడిన శ్రమంతా వృథా అవుతుందట. పూర్తిగా మానాలంటే ఇంకా చాలా నెలలు పట్టవచ్చట. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. బాబాయి వేరుశనగ పొట్లం కొని నా ఒళ్ళో పెట్టాడు.

పెళ్ళి రోజు బస్సెక్కాను. కిటికీ పక్కన చోటైతే దొరికింది గానీ చెవికి ఆ సన్నటి తీగే. నానమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ తల తిప్పితే ఏదో వెలితిగా తోచింది. చూస్తే ఆవిడ పై చెవులు బోసిగా ఉన్నాయి. కొడుకు పెళ్ళికి, అందరూ చూసే రోజున, బావిలీలు తీసి పెట్టెలో పెట్టేసి వచ్చింది! "ఒక్కదానివే బోసి చెవులతో ఎలా కూర్చుంటావే, అందుకని" అంది, అంతే.

తాడేపల్లిగూడెంలో పందిట్లో పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. ఎరుపు ఇంకా కొంచెం మిగిలే ఉంది. అందులో ఒక పెద్దావిడ, "అయ్యో, పిల్ల చెవి కందిందండీ! తీగ కాస్త తిప్పితే సర్దుకుంటుంది" అంటూ చెయ్యి చాపింది. మగపెళ్ళివాళ్ళం కదా, కాదంటే బెట్టు చేస్తున్నారని మాట వస్తుంది. నా మణికట్టుకు తాడు లేదు. బాబాయి పీటల మీద ఉన్నాడు. ఆ వేళ్ళు చెవి దాకా వచ్చేశాయి.

పక్కనుంచి నానమ్మ చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టును పట్టుకుంది. గట్టిగా కాదు, గౌరవంగానే. "ఏవండీ వదినగారూ, చూడండి, ఎంతసేపైనా చూడండి. ముట్టుకోకండి. ఇప్పుడిప్పుడే మానుతోందండి" అంది. ఆ మాట అంటున్న నానమ్మ రెండో చెయ్యి తన చీర కుచ్చిళ్ళను గట్టిగా పట్టుకుని ఉంది. నా చెవిని సర్దాలని ఆవిడకీ ఎంత దురదగా ఉందో ఆ పిడికిలి చూస్తే నాకు తెలిసింది.

మరుసటి ఏడు ఆ బావిలీలు నా చెవులకెక్కాయి. రెండు చెవులూ ఒకేలా ఉన్నాయి, ఏది వాచిందో చెబితే తప్ప తెలియదు.

నేను బడిలో ఎక్కువ చదవలేదు. చేపల తూకాలు, ఐసు బరువులు వింటూ వింటూ లెక్క నేర్చుకున్నాను, ఇప్పుడు చెరువుల వాళ్ళు లెక్కలో తేడా వస్తే నా దగ్గరకే వస్తారు. తేడా కనిపించగానే అందరూ ముందు దిద్దేస్తారు. నేను దిద్దను. కాసేపు ఊరికే చూస్తాను. సమానంగా ఉన్నవి పక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వెతికి, అందులో నా చెయ్యి ఎంతుందో కూడా చూసుకుంటాను.

మొన్న ఏలూరులో చదువుకుంటున్న మా అమ్మాయి సెలవులకు వచ్చింది. నాతో ఒక్క మాట అనకుండా పై చెవి కుట్టించుకుంది. చుట్టూ ఎర్రగా ఉంది. నా ప్రాణం అక్కడికే పరుగెత్తింది. చేతులు వెనక్కి కట్టుకుని, దానికి దగ్గరగా వంగాను.

"ఏంటమ్మా అలా చూస్తున్నావ్? ఏదో ఒకటి చెయ్యి!"

"చేస్తున్నానే" అన్నాను.