నాచారం చెరువు నివ్వరి

ఒక మనిషికి నేను చేసిన నష్టం ఏ పుస్తకంలోనూ దొరకదు కాబట్టి ఇది నేనే రాసిపెట్టాలి.

నాచారం చెరువులో చేపలు పట్టే ఆయనను మామా అని పిలిచేవాణ్ణి. వల విసిరే ముందు ఒడ్డున గడ్డిని రెండు చేతులతో పాయ తీసి చూసేవాడు. కొర్రమీను గుడ్లు కనిపిస్తే వల భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు.

ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నా, లైబ్రరీలో చదివింది ఆయనకు చెప్పందే ఇంటికి పోయేవాణ్ణి కాదు.

"వేల ఏండ్ల కింద మనుషులు చేపల కోసమే నీళ్ల దగ్గరికి వచ్చిన్రు మామా. ఆడ దానంతటదే పెరిగే వరిని సూసి, తర్వాత సాగు నేర్సిన్రు."

"అంటే రైతుల కంటే మేమే పెద్దోళ్లమన్నట్టు. జర గట్టిగ చదువు, లైబ్రరీ సారూ!"

ఒక ఆదివారం, వల విసరడానికి అడ్డం లేకుండా ఆయనకు సాయంగా ఉంటుందని ఒడ్డున గడ్డి అంతా పీకేశాను. ఆయన వచ్చి, ఆ కుప్పను చూసి కూలబడ్డాడు.

"ఏం జేసినవ్ సారూ! నువ్వు రోజూ జెప్పే అడవి వరి గిదే. నివ్వరి అంటం. చెరువు మొత్తంల గింతే మిగిలింది. వానకాలం చేప గుడ్లు యాడ పెట్టాలె?"

వందసార్లు చదివిన మొక్కను నేను గుర్తుపట్టలేదు. ఆయన కుప్పలోంచి గింజలు ఏరి, ఒక్కొక్కటే బొటనవేలితో బురదలోకి నొక్కాడు.

"మొలుస్తయా మామా?"

"ఏమో. సాగు నేర్సిన మొదటోడు గూడ గిట్లనే నొక్కిండేమో."

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రరీ సుజాతమ్మకు, మామ పోయిన సంగతి చెప్పిన ఆయన కోడలు లక్ష్మికి, వానలు పడ్డాక ఒడ్డున రెండు నివ్వరి దుబ్బులు లేచాయని పనిగట్టుకుని వచ్చి చెప్పిన, మామతో చేపలు పట్టిన యాదగిరికి కృతజ్ఞతలు.