పెండ్లి దరువు

సౌదీలోని హాయిల్‌లో తాపీపని చేసే లింబాద్రికి కోపమొస్తే వేళ్లు ఊరుకోవు. మంచం పట్టెమీద దరువేస్తాయి. నచ్చినవాణ్ణి చేసుకుంటానన్నందుకు కూతురు ఉమతో నెలగా మాటల్లేవు. శుక్రవారం ఫోన్లో ఆమె పాల్గొన్న డప్పుల పోటీ చూశాడు. రెండు జట్లూ ప్రేమకోసం చనిపోయిన పిల్లల కథలే ఎత్తుకున్నాయి. మొదటి జట్టు తమ కథలో పిల్ల చనిపోగానే సావు దరువు కొట్టింది. ఉమ జట్టు మాత్రం కథలోని పిల్ల శవం ముందు పెండ్లి దరువు వాయించింది.

“నీ బిడ్డ జట్టే జోరుగుందన్నా!” అన్నాడు పక్కమంచం దేవన్న.

“ఏం జోరు? నేర్పినోని పరువు దీసింది!” లింబాద్రి మండిపడుతూ ఉమకు ఫోన్ కలిపాడు. “పీనుగు ముంగట పెండ్లి దరువేందే? గిట్లనా నేను నేర్పింది?”

“ఆ పిల్ల అడిగింది పెండ్లే గద నాయినా. బతికున్నప్పుడు ఎవ్వలు కొట్టకపాయె.”

మంచం పట్టెమీద లింబాద్రి వేళ్లు పెండ్లి దరువు అందుకున్నాయి.

“ఆ పోరనికి నా నంబరియ్యి,” అని కసిరి ఫోన్ పెట్టేశాడు.