తాతగారికి వెనక సీటు

డిపోలో అందరూ ఆయన్ని నిదానం అని పిలిచేవారు. ముప్ఫై ఏళ్ళకు పైగా సిటీ బస్సు నడిపాడు. నిండు చెంబు పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ ఒంటి మీద చుక్క నీరు చిందకుండా బ్రేకు వేయగలడని పేరు. ఎవడు అడ్డం వచ్చినా హారన్ కొట్టేవాడే తప్ప నోరు పారేసుకునేవాడు కాదు. అలాంటి మనిషి ఈ వేసవిలో అల్లుడి మీద కేకలేసి నడిదారిలో కారు దిగిపోయాడంటే డిపోలో ఒక్కరూ నమ్మలేదు. దిగిపోయిన మాట మాత్రం నిజం.

బడులకు సెలవులిస్తే జనం తిరుగుతారు. జనం తిరగాలంటే బస్సులు తిరగాలి. అందుకని ఎండాకాలంలో డ్రైవరుకు సెలవన్న మాటే లేదు. ఎవరెవరి పిల్లల్నో పార్కులకీ, జలాశయం దగ్గరికీ మోసుకెళ్ళి దింపాడు నిదానం. సొంత కూతురు తొలి అడుగు వేసిన రోజున ఆయన ఎక్కడో పార్కు గేటు దగ్గర బస్సు వెనక్కి తిప్పుకుంటున్నాడు. ఇంటికి చేరేసరికి పిల్ల నిద్రపోయింది. తెల్లారి అది లేవకముందే మళ్ళీ డ్యూటీ. తీరిక దొరికి చూసేసరికి పరుగులు పెడుతోంది. "నేను నడక చూడకుండా పరుగు చూసినవాణ్ణి" అని అందరితో నవ్వుతూ చెప్పేవాడు. అందులో నవ్వు ఎంతో భార్య ఒక్కదానికే తెలుసు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే రిటైరయ్యాడు. కూతురి పిల్లకు అప్పుడే ఏడాది దాటింది. కుదురుగా ఒక్కచోట కూర్చోదని దాన్ని పిచ్చుక అంటారు. గోడ పట్టుకుని నిలబడుతోంది, ఇంకా అడుగు వేయలేదు. కూతురూ అల్లుడూ ఆదివారం కారులో షికారు వెళదామనగానే నిదానం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అందరికంటే ముందు వాకిట్లో నిలబడ్డాడు. పిచ్చుకను ఒళ్ళో కూర్చోబెట్టుకుని దారి పొడుగునా ఏనుగంత లారీలనీ, కరెంటు తీగల మీద కాకుల్నీ చూపించాలని ఆయన ఆశ.

అల్లుడు వచ్చి రెండు చేతులతో తాళంచెవి అందించాడు.

"మీరుండగా నేను స్టీరింగ్ పట్టుకోవడం ఏంటి మామయ్యా! బాగోదు."

అంత మర్యాదగా ఇస్తే కాదనేదెలా? తీసుకున్నాడు.

ఊరు దాటేలోపే వెనక సీట్లో సందడి. "నాన్నా, ఇటు చూడు! చప్పట్లు కొడుతోంది!" అని కూతురు కేక. ముందు ఇసుక లారీ, పక్కన స్కూటర్లు. ఆయన తల తిప్పలేదు, తిప్పే అలవాటు లేదు. సిగ్నల్ పడ్డాక తిరిగి చూస్తే పిచ్చుక రెండు చేతుల్తో బిస్కెట్ పట్టుకుని నాకుతోంది. పార్కు దగ్గర అందరూ దిగి లోపలికి పోయారు. ఆయన నీడ వెతికి కారు పెట్టి వచ్చేసరికి ఫొటోలు అయిపోయాయి.

మరుసటి ఆదివారం జలాశయం దారిలో పిచ్చుక "తా" అందట. తాతనే పిలిచిందని అందరూ తీర్మానించారు. వెనక బస్సు హారన్ మోతలో ఆయనకేమీ వినపడలేదు. "ఏదమ్మా, ఇంకోసారి?" అని ఎంత బతిమాలినా పిల్ల పెదవి విప్పలేదు.

"ఫోన్లో తీశాను మామయ్యా, ఇంటికెళ్ళాక చూద్దురుగానీ" అన్నాడు అల్లుడు నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ సాయంత్రం కారు తుడుస్తూ నిదానం గుడ్డను బకెట్లోకి విసిరికొట్టాడు.

"నేనేమన్నా వీళ్ళు పెట్టుకున్న డ్రైవర్నా?"

"మీరు నడిపితే భయం ఉండదని కదండీ పిల్లలు..." అంది భార్య.

"భయం ఉండదు! మర్యాద! ఆ మర్యాద నెత్తినెట్టుకునేగా ఇలా తగలడ్డాను. ఊరందరి పిల్లల్నీ తిప్పాను, నా పిల్ల నడక చూళ్ళేదు. ఇప్పుడు దాని పిల్లని కూడా అద్దంలోనే చూసుకోమంటావా?"

"నాతో అంటే ఏం లాభం? నాకు తెలియందా? ఆ ముక్క వాళ్ళతో అనండి."

అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం అల్లుడు తాళంచెవి చాపితే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నువ్వు నడుపు నాయనా. నేను మనవరాలి దగ్గర కూర్చుంటా."

అల్లుడి ముఖం వాడింది గానీ కాదనలేకపోయాడు. నిదానం వెనక కూతురి పక్కన ఎక్కి పిచ్చుకను ఒళ్ళోకి తీసుకున్నాడు. భార్య ముందు కూర్చుంది. ఇంత చేసీ ఏం లాభం? అల్లుడు ముందు బండికి వెంట్రుకవాసి దూరంలో నడుపుతున్నాడు. నిదానం కుడికాలు తనంతట తానే కింద పట్టాను బ్రేకనుకుని తొక్కుతోంది. పిచ్చుక మీసం పట్టుకుని లాగుతున్నా ఆయన కళ్ళు రోడ్డు మీదే.

"నాన్నా, నువ్వు దీన్ని చూస్తున్నావా, రోడ్డుని చూస్తున్నావా?" అంది కూతురు.

అంతలో అల్లుడి ఫోన్ మోగింది. ఒక చేత్తో చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో ముందు ఆటోను దాటబోయాడు. ఎదురుగా వ్యాను. సర్రున పక్కకు కోసి తప్పించుకున్నాడు.

"మళ్ళీ చేస్తా సార్, డ్రైవింగ్‌లో ఉన్నా" అని ఫోన్లో తాపీగా చెబుతున్నాడు.

నిదానానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆపు!"

"ఏమైంది మామయ్యా?"

"బండాపు అన్నానా! వెనకాల నీ కూతురుంది, గుర్తుందా? పరాయి పిల్లలు ఎక్కితేనే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిపాను నేను. నీకు సొంతపిల్ల ఉన్నా పట్టదా? ఆ ఫోన్లో ఎవడయ్యా ఉన్నది, దీనికంటే ఎక్కువ?"

కారు బస్ షెల్టర్ పక్కన ఆగింది. పిచ్చుకను చంకనేసుకుని, నీళ్ళ సీసా అందుకుని దిగాడు.

"ఎండలో ఏంటి నాన్నా ఇది!" అని కూతురు కంగారు పడింది.

"ఇక్కడ నీడుంది. మేం బస్సులో వస్తాం. పార్కు గేటు దగ్గర ఉండండి."

వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. "పోనీవే, ఆయన్ని కదపకు" అంది భార్య. కారు కదిలింది.

షెల్టర్లో ఎవరూ లేరు. పిచ్చుకను సిమెంటు బల్ల పట్టించి నిలబెట్టి, అల్లుణ్ణి తిట్టుకుంటూనే సీసా మూత తిప్పాడు. విసురుగా తిప్పాడేమో, మూత జారి గచ్చు మీద దొర్లింది. పిచ్చుక దాన్నే చూసింది. బల్ల వదిలింది. ఒక అడుగు, ఇంకొకటి, తూలి నిలదొక్కుకుని మరొకటి. ఆయన పిలవలేదు, చేతులు చాపలేదు, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. అది మూత దాకా వెళ్ళి, చతికిలబడి, నోట్లో పెట్టుకోబోతే అప్పుడు ఒక్క అంగలో వెళ్ళి ఎత్తుకున్నాడు.

బస్సు వచ్చింది. "అన్నా, నువ్వు సీట్లో కూర్చుంటావా, ఇటొచ్చి నడుపుతావా?" అని డ్రైవరు నవ్వాడు. నిదానం కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ ప్రయాణంలో బస్సు ఏ మలుపు తిరిగిందో, ఎక్కడ బ్రేకు పడిందో ఆయనకు తెలియలేదు.

గేటు దగ్గర దిగుతూనే చెప్పాడు. "నడిచింది!"

"నిలబడి ఉంటుంది నాన్నా. నువ్వు కోపంలో ఉన్నావు."

"నడిచిందే! నా కళ్ళతో చూశాను!"

పిల్లను గడ్డి మీద నిలబెట్టారు. అది నానిన మూటలా కూలబడింది. "వీడియో ఏమన్నా తీశారా మామయ్యా?" అన్నాడు అల్లుడు, గొంతు తగ్గించే. నిదానం వాడి వైపు చూసిన చూపుకి భార్య మధ్యలోకొచ్చి పుచ్చకాయ ముక్కలు పంచింది. ఆయన నిలబడే తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో కూతురు భర్త చేతిలోంచి ఫోన్ లాక్కుని తన సంచిలో పడేసింది. "నాన్న అన్నదాంట్లో తప్పేముంది?" అంది. అల్లుడు కుక్కిన పేనులా ఇల్లు చేరేదాకా నెమ్మదిగా నడిపాడు. అప్పటినుంచి కారెక్కితే ఫోన్ ఆ సంచిలోనే ఉంటోంది. నిదానం వెనక సీట్లో ఉంటున్నాడు. కుడికాలు ఇంకా తొక్కుతూనే ఉంది, కానీ కళ్ళు మాత్రం కాస్త మాట వింటున్నాయి.

ఆ వారంలోనే వంటింటి గడప దగ్గర పిచ్చుక అందరి ఎదుటా నడిచింది. ఇల్లంతా ఈలలు, చప్పట్లు. అల్లుడు దాన్ని వీడియో తీసి 'మా పిచ్చుక తొలి అడుగు' అని చుట్టాలందరికీ పంపాడు. అభినందనలు వచ్చి పడ్డాయి. నిదానం ఫోన్‌లో కూడా ఆ వీడియో టింగుమంది.

"తొలి అడుగట, తొలి అడుగు! ఎవరిని అడిగి పంపాడు?" అని మండిపడ్డాడు.

"పోనీండి, వాళ్ళ ముచ్చట వాళ్ళది" అంది భార్య.

"ముచ్చట వాళ్ళదే, పడమను. అబద్ధం పంచడమెందుకు?"

వీడియో అందిన చుట్టాలందరికీ ఆయన ఒక్కొక్కరిగా ఫోన్ చేసి అసలు సంగతి చెబుతున్నాడు. ఇంకా సగం మంది మిగిలారు.